ఎర్ర చీటీ కట్టిన పంపు

బోల్టు మామకి ఆ పేరు ఊరికే రాలేదు. విమానాల షెడ్డులో చేరిన మొదటి నెలలో ఒక బోల్టు బిగించమంటే బిగించి, అనుమానం వచ్చి మళ్లీ బిగించి, ఇంటికి బయల్దేరినవాడు గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చి ఇంకోసారి బిగించి, చివరికి దాని తల ఊడగొట్టాడు. ఆ రోజు నుంచి ముప్పై రెండేళ్లపాటు పెద్ద ఇంజనీరు మొదలుకుని నేల తుడిచే ఆమె దాకా అందరికీ ఆయన బోల్టు మామే. సొంత పేరు గేటు పాసు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అంత జాగ్రత్త మనిషి. ఆ జాగ్రత్తే కొంప ముంచింది, అదే చెప్పబోతున్నాను.

ఆ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మామ షెడ్డులోకి వచ్చేసరికి నోటీసు బోర్డు మీద ఆ కాగితం అలాగే ఉంది. రాత్రికి రాత్రి ఎవరైనా చింపేసి ఉంటారేమోనని ఆయనకి రోజూ ఒక పిచ్చి ఆశ. విమానాల శాఖ వాళ్లు పదిహేను రోజుల కిందట పంపారు దాన్ని. ఈ శుక్రవారం సాయంత్రం ఐదు గంటల్లోగా కనీసం ఒక్క విమానమైనా ఎగరడానికి పనికొస్తుందని చూపించాలి. చూపించకపోతే జాతీయ విమాన సంస్థ అనుమతి రద్దు. రద్దయితే విమానాలు తిరిగే దారులు పోతాయి, పేరు పోతుంది, షెడ్డు పోతుంది, మిగిలిన నూట నలభై మందీ తట్టాబుట్టా సర్దుకోవలసిందే. తొమ్మిది విమానాల సంస్థకి ఒక్కటి చూపించడం ఏపాటి పని అనుకుంటారు వినేవాళ్లు. ఆ ఒక్కటే లేదు.

ఒకప్పుడు ఉండేవి. మామ చేరిన ఏడాదే మొదటి జెట్టు వచ్చింది. అది దిగుతుంటే చూడటానికి జనం మేడలెక్కారు. ఆఫీసుల్లో ఫైళ్లు మూసేశారు. ఆస్పత్రిలో లేవలేని రోగులు కూడా లేచి కిటికీ దగ్గరికి నడిచారని చెప్పుకున్నారు, నిజమెంతో అబద్ధమెంతో. మామకి అప్పుడు పందొమ్మిదేళ్లు, పని దాని పొట్ట కడగడం. సబ్బునీళ్లు మోచేతుల మీదుగా చంకల్లోకి కారేవి. అయినా యూనిఫాం విప్పకుండానే బజారుకి వెళ్లేవాడు. టీ కొట్టువాడు వేరేవాళ్లని లేపి మరీ ఆయనకి కుర్చీ వేసేవాడు. టికెట్ల హాల్లో నాలుగో నంబరు కౌంటరులో కూర్చునే అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని వాళ్లింటికి వెళితే, ఆ ఇంటి పెద్దాయన అడిగింది ఒకే ప్రశ్న: "నువ్వు కూడా అక్కడేనా బాబూ?" అక్కడే అన్నాడు. ఇంకేమీ అడగలేదాయన.

మొదటి జెట్టుకి పెద్దక్క అని పేరు పెట్టుకున్నారు షెడ్డువాళ్లు. ముక్కుకి నల్లరంగు వేసినదాన్ని నల్లముక్కు అన్నారు. ఒకటి రెండయింది, రెండు తొమ్మిదయ్యాయి. మూడు ఖండాలకి వెళ్లివచ్చేవి. పొరుగు దేశాల మెకానిక్కులు వచ్చి ఈ షెడ్డులో పని నేర్చుకుని పోయేవాళ్లు. మామ కడిగే పని నుంచి ఇంజన్ల పనికి ఎదిగి మేస్త్రి అయ్యాడు.

మరి ఎప్పుడు చెడింది? ఫలానా రోజున అని చెప్పడానికి లేదు. రెండేళ్లకో ఛైర్మన్ మారాడు. వచ్చిన ప్రతివాడూ మొట్టమొదట చేసింది తోకల మీద రంగు మార్చడం, తర్వాత యూనిఫాం మార్చడం. మింగ మెతుకు లేదుగాని మీసాలకి సంపెంగ నూనె. పెద్దమనుషుల బావమరుదులు, వాళ్ల బావమరుదులు ముందు సీట్లలో టికెట్టు లేకుండా ఊరికే తిరిగారు. పైవాళ్లు మాత్రం సామాను కొనడానికి సంతకం పెట్టమంటే చేతికి పక్షవాతం వచ్చినట్టు కూర్చున్నారు. టైరు కావాలంటే మూడు నెలలు. కిటికీ అద్దం కావాలంటే ఆరు నెలలు. అప్పుడు మొదలైంది షెడ్డులో అరువు.

అరువంటే ఏమీ లేదు. ఈ విమానంలో పాడైనదాన్ని ఆ విమానంలోంచి ఊడదీసి పెట్టడం. పొద్దున ఎగరాల్సినదానికి మధ్యాహ్నం ఎగరాల్సినదాని భాగం. మధ్యాహ్నందానికి రేపటిదాని భాగం. ఇలా పీకగా పీకగా ఒక విమానం ఏ మూలో నిలబడిపోయేది. ఇక దాని పని అయిపోయినట్టే. వారంలో దాని ఒంట్లో మిగిలేవి రెక్కలూ, సీట్లూ. కాబట్టి ఏ మేస్త్రికైనా భయం ఒకటే: నా విమానం నిలబడకూడదు, దాని మీద చెయ్యి పడకూడదు.

ఆ చెయ్యి పడకుండా ఆపేది లోకంలో ఒక్కటే, ఎర్ర చీటీ. షెడ్డులో ఏ భాగం ఊడదీసినా దానికి చీటీ కట్టాలి. బాగుంటే ఆకుపచ్చ, చెడిపోతే ఎర్ర. ఎర్ర చీటీ ఉన్నదాన్ని ఎవడూ ముట్టుకోడు. దాన్ని మళ్లీ ఆకుపచ్చ చేయాలంటే అనుమతి ఉన్న వర్క్‌షాపులో పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి.

నాలుగేళ్ల కిందట పెద్దక్క ఎడమ ఇంజనుకి కొత్తగా బాగుచేసి వచ్చిన ఇంధనం పంపు బిగించాడు మామ. బంగారంలాంటి పంపు. మర్నాడే ఇంకో విమానానికి అది కావాలని పైనుంచి మాట వచ్చింది. పెద్దక్క మామ చేతుల మీద పెరిగిన విమానం, కన్నకూతురి చెవి కమ్మలు ఊడదీయమన్నట్టు అనిపించింది ఆయనకి. నాలుగు రోజుల్లో మళ్లీ బిగించేద్దాం, గొడవ చల్లారనీ అనుకుని పంపు తనే ఊడదీశాడు. ఎర్ర చీటీ మీద 'లోపల లీకు' అని రాసి కట్టాడు. స్టోరు వెనక తన ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నాలుగు రోజుల్లో గొడవ చల్లారలేదు. పంపు లేదు గనక పెద్దక్క ఎగరదన్నారు, ఎగరదు గనక మిగతావి పీక్కోవచ్చన్నారు. మామ కళ్లముందే దాన్ని ఒలిచేశారు. పంపు కోసం అడిగిన ఆ రెండో విమానం కూడా నేల మీదే ఉండిపోయింది. సంస్థకి అన్నం పెట్టే దూరదేశం సర్వీసు అది. పదకొండు రోజులు రద్దు చేశారు. చెప్పేస్తే పోతుంది గదా అని ప్రతి పొద్దునా అనుకున్నాడు. చెబితే దొంగచీటీ కట్టినవాడని లైసెన్సు లాక్కుంటారు. ప్రతి సాయంత్రం మానేశాడు.

ఏడో రోజున టికెట్ల హాల్లో జనం తిరగబడ్డారు. తల్లి ఆఖరి ఘడియల్లో ఉందని కబురొచ్చిన ఒకతను ఏడుస్తూ, తిడుతూ, చేతిలో ఉన్న పెట్టె తాళం నాలుగో కౌంటరు మీదికి విసిరాడు. మామ భార్యకి కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఇంటికొచ్చి అతన్ని ఒక్కమాట అనలేదామె. "ఆయన్నేం అంటాం, తల్లి పోతోంది పాపం," అంది. తర్వాత అడిగింది: "ఏదో పంపు లేదటగా? ఎక్కడా దొరకదా? మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? మేనేజర్లని అడగాలి," అన్నాడు మామ.

ఆ దూరదేశం దారి మళ్లీ రాలేదు. మరుసటి ఏడు కౌంటర్లు మూసేసి ఆమెని ఇంటికి పంపారు. ఇప్పుడు బస్సుల కంపెనీలో టికెట్లు ఇస్తోంది. మామకి పక్క గేటు ప్రైవేటు కంపెనీవాళ్లు కబురు పెట్టినా వెళ్లలేదు. ఇక్కడ పని నిలబడితే చాలు, తను చేసింది చెరిగిపోతుందని ఆయన లెక్క. ఆ పిచ్చి లెక్క పట్టుకునే ఈ పదిహేను రోజులూ నల్లముక్కు కింద పడి పనిచేశాడు. గురువారం సాయంత్రానికి దానికి అన్నీ అమరాయి, ఒక్కటి తప్ప. ఎడమ ఇంజనుకి ఇంధనం పంపు, పెద్దక్కకి ఉండినలాంటిదే.

దేవుడు ఎంత వెటకారం మనిషో చూడండి.

కంగారు పడనక్కర్లేదు, కొత్త పంపు విదేశం నుంచి బయల్దేరిందన్నారు. శుక్రవారం పొద్దున పదింటికి నిజంగానే పెట్టె వచ్చింది. షెడ్డంతా చుట్టూ మూగింది. మామ మేకులు పీకి, గడ్డి తీసి, పంపు చేతుల్లోకి తీసుకున్నాడు. బరువు తెలియగానే దాన్ని మళ్లీ గడ్డిలో పెట్టేశాడు. అది వేరే రకం ఇంజనుది. కొనుగోళ్ల ఆఫీసువాడు ఎప్పుడో అమ్మేసిన విమానం పుస్తకం చూసి నంబరు రాసి పంపాడు.

"అయిపోయింది," అన్నాడు వైర్‌లెస్ పెట్టెలు బాగుచేసేవాడు, రేడియో అని పేరు, నేల మీద కూలబడుతూ. "మన పెళ్లికి మంగళసూత్రం బదులు పలుపుతాడు తెచ్చార్రా."

మామ లేచాడు. స్టోరు వెనక్కి వెళ్లి, బీరువా తీసి, గుడ్డలో చుట్టిన పంపుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు. చీటీ ఎర్రదనం వెలిసిపోయింది గాని అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

విమానం ఎగరొచ్చని సంతకం పెట్టవలసిన ఇన్‌స్పెక్టరు ఒక అమ్మాయి. మామ దగ్గరే పని నేర్చుకుంది. ప్రతి సందులోకీ లైటు వేసి చూస్తుందని ఆమెకి టార్చి అని పేరు. ఆమె చీటీ చదివింది.

"లోపల లీకు అని ఉంది, మామా."

"లీకు లేదు. అబద్ధం. నేనే రాశాను," అన్నాడు మామ. అని, మొత్తం చెప్పాడు. పెద్దక్క సంగతి, పదకొండు రోజుల సంగతి, బీరువా సంగతి. చెబుతున్నంతసేపూ పంపు మీద చెయ్యి తియ్యలేదు.

కొడతారేమో, కొడితే బాగుణ్ణనుకున్నాడు మామ. అప్పుడు రేడియో మెల్లగా లేచి తన గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చి రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. రెండింటికీ ఎర్ర చీటీలు.

"ఇవీ బాగున్నవే, మామా," అన్నాడు. "ఎత్తు చూపించే పెట్టెలు. ఒకటి ఆరేళ్లుగా ఉంది."

బ్రేకులు చూసే బాబాయి వెళ్లి తోపుడుబండి మీద నాలుగు బ్రేకులు తోసుకొచ్చాడు. ప్రాణవాయువు సీసాలు చూసే ఆమె తలుపు చాటు నుంచి మూడు సీసాలు తెచ్చింది. స్టోరు తాళాలన్నీ తన నడుముకే వేలాడేసుకు తిరిగే ముసలాయన, తాళాల తాత, తన మంచం కిందనుంచి ఇంజను మొదలుపెట్టడానికి తిప్పే మోటారు ఒకటి లాక్కొచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు. పదకొండున్నరకి బల్ల నిండిపోయి నేల మీద పెట్టారు. అన్నీ మంచివే, అన్నిటికీ ఎర్ర చీటీలే. లెక్కేస్తే ఇంకో రెండు విమానాలు లేచి నిలబడేటంత సామాను. పైవాళ్లు తిన్నారు, తిన్నారని ఇన్నేళ్లూ తిట్టుకున్నారందరూ. పైవాళ్లు తిన్నమాట నిజమే. కానీ మిగిలిన ప్రాణాన్ని ప్రేమకొద్దీ గొంతు పట్టుకుని కూర్చున్నది మాత్రం వీళ్లు. తిలాపాపం తలా పిడికెడు.

ప్రాణవాయువు సీసాల ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఏడుపులు తర్వాత," అన్నాడు తాత. "అమ్మాయ్, టార్చీ, దీనికి సంతకం పెట్టు. బాగుందని నీకూ తెలుసుగా."

"బాగుందని మామకి తెలుసు. నాకెలా తెలుసు?" అంది టార్చి. "నాలుగేళ్లు బీరువాలో ఉంది. పరీక్ష చేద్దామంటే మన వర్క్‌షాపు అనుమతే పోయి రెండేళ్లయింది. కాగితం ఎవరిస్తారు?"

తాత జేబులోంచి ఒక పాత పుస్తకం తీశాడు. ఆకుపచ్చ చీటీలు. ఎప్పుడో రిటైరైన ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయే రోజున ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టి ఇచ్చి పోయాడు, ఎప్పుడైనా అక్కరకొస్తాయని.

"పాత తేదీ వేసి రాసెయ్యి, మామా. ఎవడూ కనుక్కోలేడు."

మామ కలం తీసుకున్నాడు. రాస్తే ఐదింటికి నల్లముక్కు ఎగురుతుంది. నూట నలభై ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. పెద్దక్క పాపం, ఆ పదకొండు రోజుల పాపం, అంతా కడుక్కుపోతుంది. చిన్న చీటీ, రెండు మాటలు. ఆయన టార్చి వైపు చూశాడు.

"రాయండి, మామా," అంది ఆమె. "మీరు రాస్తే నేను సంతకం పెడతాను. మీ మాట కాదనలేను. కాకపోతే ఇకమీదట ఏ చీటీ చదివినా నమ్మను, నా చేత్తో రాసింది కూడా."

మామ చాలాసేపు కలం పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత మూత పెట్టి తాతకి ఇచ్చేశాడు.

"నేల మీద ఇంజను నడిపి చూపిద్దాం," అన్నాడు. "వచ్చే ఆఫీసరు కూడా మనిషేగా. కళ్లారా చూస్తే ఇంకో వారం ఇవ్వడా?"

ఆ మాట పట్టుకుని అందరూ లేచారు. మునిగిపోయేవాడికి గడ్డిపోచే దొరికింది. నాలుగింటికల్లా పంపు బిగించారు. ఈసారి ప్రతి బోల్టునీ మామ ఒక్కసారే బిగించాడు.

శాఖ ఆఫీసరు నాలుగున్నరకి వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. నల్లముక్కుని చూడగానే ముఖం మెత్తబడింది. "నేను ఎక్కిన మొదటి విమానం మీదే. మా నాన్న కిటికీ సీటు నాకిచ్చాడు," అన్నాడు. మామ పైలట్ సీట్లో కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కింద, ఆ హెడ్‌ఫోన్ తీగ రెండో చివర మైకు పెట్టుకుని టార్చి నిలబడింది. కుడి ఇంజను తిరిగింది. మామ ఎడమదాని మీటని పైకి జరిపాడు. ఒక్క దగ్గు లేదు, ఒక్క కుదుపు లేదు. ఎదుట రెండు ఇంజన్ల వేగం చూపించే ముళ్లూ కవలపిల్లల్లా ఒకే గీత మీదికి వచ్చి నిలిచాయి. బయట జనం చప్పట్లు కొడుతున్నారు, ఆ చప్పుడు ఆయనకి వినబడటం లేదు గాని చేతులు కనబడుతున్నాయి.

"అద్భుతంగా ఉందే," అంటున్న ఆఫీసరు గొంతు టార్చి మైకులోంచి వచ్చింది. "ఏదీ, ఆ పంపు కాగితం?"

"లేదు సార్. ఎర్ర చీటీ ఉంది."

"ఎవరు కట్టారు?"

టార్చి తలెత్తి పైలట్ సీటు అద్దం వైపు చూసింది.

"చెప్పు," అన్నాడు మామ మైకులో.

"మా మేస్త్రిగారే సార్. పైన కూర్చుని ఇంజను నడుపుతున్నది ఆయనే."

"బాగున్నదానికి ఎర్ర చీటీ ఎందుకమ్మా?"

"కాపాడుకుందామని సార్."

ఆఫీసరు తిరుగుతున్న ఎడమ ఇంజను వైపు చూశాడు. అతను చెడ్డవాడైతే బాగుండును, తిట్టుకోవడానికైనా ఒకడుండేవాడు. అతను ఫైలు తెరిచి వాచీ చూసుకుని, "నేనేం చేయగలనమ్మా? చూసింది రాయొచ్చు. కాగితం లేనిదాన్ని ఉందని రాయలేను," అన్నాడు. ఒక్క వారం, మూడు రోజులు, ఒక్క రోజు అని షెడ్డువాళ్లంతా మీదపడి బతిమాలారు. అతను తల అడ్డంగా ఊపుతూనే రాశాడు, రాస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

"మామా, ఐదయింది. ఆపేయండి," అంది టార్చి.

"రెండూ సమానంగా తిరుగుతున్నాయే, చూడు."

"చూస్తున్నాను, మామా. ఆపేయండి."

మామ రెండు మీటలూ కిందికి దించాడు. ఇంజన్లు పూర్తిగా ఆగడానికి నిమిషం పైనే పట్టింది. అప్పటిదాకా సీట్లోంచి లేవలేదు.

ఆరున్నరకి బస్సుల స్టాండులో భార్య కౌంటరు ముందు వరసలో నిలబడ్డాడు. ఇంటికి వెళ్లి చెప్పొచ్చు గాని, ఇంటిదాకా వెళితే మళ్లీ చెప్పలేనని ఆయనకి తెలుసు. వంతు రాగానే ఆమె తలెత్తి చూసి, చేతిలో టికెట్ల కట్ట పక్కన పెట్టింది.

"ఎగిరిందా?"

"లేదు. అనుమతి పోయింది."

"అయ్యో! పంపు రాలేదా?"

"పంపు ఉంది."

"ఉందా? ఎక్కడ?"

"నా బీరువాలో," అన్నాడు మామ. "నాలుగేళ్ల నుంచీ."

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకోబోయి మధ్యలో ఆగిపోయింది.

"ఆ పదకొండు రోజులూనా?"

"ఆ పదకొండు రోజులూ."

"నేను అడిగాను మిమ్మల్ని."

"అడిగావు."

తిడుతుందని చూశాడు. ఏడుస్తుందని చూశాడు. ఏదో ఒకటి చేస్తే దాన్ని పట్టుకుని తనూ ఏడుద్దామనుకున్నాడు. ఆమె ఆయన ముఖం వైపు కాసేపు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత టికెట్ల కట్ట చేతిలోకి తీసుకుని, ఆయన భుజం మీదుగా వెనక వరసలోకి చూసింది.

"తర్వాత ఎవరండీ? రండి," అంది.